జానెడు జాగాకి పంతొమ్మిది వేలు: లండన్ ఎకానమీలో వెళ్లి ప్రీమియం ఎకానమీలో వచ్చాం

మాది శ్రీకాకుళం. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర చిన్న ప్లైవుడ్ షాపు, ముప్పై ఏళ్లుగా పొద్దున్న లేస్తే అంగుళాలూ అడుగులే నా పని. అందుకని విమానం సీటు గురించి నేను చెప్పేదంతా కొలతల్లోనే ఉంటుంది, ఏమనుకోకండి. మా అమ్మాయి లండన్ పక్కన స్లౌ అనే ఊళ్లో ఉంటుంది, దాని డెలివరీకని నేనూ మా ఆవిడా మార్చిలో వెళ్లి ఆగస్టులో వచ్చాం. వెళ్లేటప్పుడు మామూలు ఎకానమీ, వచ్చేటప్పుడు ప్రీమియం ఎకానమీ. ఒకే కంపెనీ, ఒకే రకం విమానం, బోయింగ్ 787. తేడా ఏటో తెలుసుకోవాలంటే ఇంతకన్నా ఏం కావాలి. కంపెనీ పేరు మాత్రం చెప్పను, ఢిల్లీ లండన్ మధ్య మూడు నాలుగు కంపెనీలు తిరుగుతాయి, నాకు జరిగింది ఎవరి దగ్గరైనా జరగొచ్చు.

టికెట్లు తీసేటప్పుడే అల్లుడు ఫోన్ చేసి "మావయ్యగారూ, ప్రీమియం ఎకానమీ తీసేస్తానండి, తొమ్మిది పది గంటలు కూర్చోవాలి, అత్తయ్యగారికి మోకాళ్లు కదా" అన్నాడు. ఎంతేటి అనడిగితే మామూలుది రానూపోనూ ఒక్కొక్కరికి 68 వేలు, ప్రీమియం అయితే లక్షా 35 వేలు. ఇద్దరికీ కలిపి తేడా లక్షా 34 వేలు. ఆ డబ్బుతో షాపులోకి మంచి సరుకు దిగుతుంది, కూర్చోడానికి పెట్టడమేటి అని వద్దనేశాను. మా ఆవిడ కూడా వద్దనే అంది గాని, తర్వాత ఆరు నెలలపాటు నాకు గుర్తు చేసింది లెండి, తను వద్దన్న సంగతి మాత్రం మర్చిపోయి.

ముందు ఒక గందరగోళం తీర్చేస్తాను, నేను కూడా అందులో పడ్డాను కాబట్టి. ప్రీమియం ఎకానమీ అంటే బిజినెస్ క్లాసు కాదు, పడుకునే మంచం ఉండదు, ఎయిర్‌పోర్టులో విడిగా ఉండే లాంజ్‌లోకి మామూలుగా పోనివ్వరు. ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్యన వేరే గదిలా ఉంటుంది, వెడల్పు సీట్లు. తైవాన్ వాళ్ల ఈవా ఎయిరు, ఇంగ్లండు వాళ్ల వర్జిన్ అట్లాంటిక్కు 1990ల మొదట్లో దీన్ని మొదలుపెట్టారు, మన దేశంలో అయితే 2015లో వచ్చిన విస్తారా వాళ్లు ముందు తెచ్చారు, ఆ కంపెనీ ఇప్పుడు ఎయిరిండియాలో కలిసిపోయింది. ఇక టికెట్ బుక్ చేస్తున్నప్పుడు సీట్ల బొమ్మలో "ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్" అని కొన్ని వేరే రంగులో చూపించి ఇంకొన్ని వేలు అడుగుతారు చూడండి, అది ప్రీమియం ఎకానమీ కాదు. అది అదే ఎకానమీ కుర్చీ, కాళ్ల ముందు జాగా ఎక్కువ, అంతే, వెడల్పు ఒక్క అంగుళం కూడా పెరగదు. నేనది చూసి ఇదే ప్రీమియం, చవగ్గా దొరికేస్తోంది అనుకున్నాను, అల్లుడు చెప్తే తెలిసింది.

సరే వెళ్లిన రోజు. ఊళ్లో మధ్యాహ్నం బయల్దేరి కారులో వైజాగ్, అక్కణ్నుంచి ఢిల్లీ, రాత్రంతా అక్కడ కూర్చుని తెల్లవారుజామున లండన్ విమానం. అప్పటికే నడుం సగం పోయింది. లోపలికి వెళ్తే వరసకి తొమ్మిది సీట్లు, మూడు, దారి, మూడు, దారి, మూడు. మా ఆవిడకి దారి పక్కది ఇచ్చి నేను మధ్యలో ఇరుక్కున్నాను, కిటికీ దగ్గర ఒక కుర్రాడు. ఏ ఊరు బాబూ అంటే పార్వతీపురం అండి అన్నాడు, ఎమ్మెస్‌కి వెళ్తున్నాడట. ఢిల్లీ నుంచి లండన్ విమానంలో పక్కన పార్వతీపురం పిల్లాడు! గంటసేపు కబుర్లు చెప్పి ఆనక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. మన పిల్లాడే కదా అని ఊరుకున్నాను, గాని ఆరు గంటలు ఊరుకోవడం అంటే మాటలు కాదు.

టేపు కౌంటర్లో ఇచ్చేసిన చెకిన్ బ్యాగులో ఉండిపోయింది, లేకపోతే అక్కడే కొలిచేసేవాణ్ని. అందుకని చేత్తో కొలిచాను. నిటారుగా కూర్చుంటే నా మోకాలికీ ముందు సీటుకీ మధ్యన రెండు వేళ్లు పట్టాయి. నేను ఐదు అడుగుల ఎనిమిది. ముందు సీటాయన వెనక్కి వాల్చేసరికి ఆ రెండు వేళ్లూ పోయి టీవీ ముక్కు మీదకొచ్చింది, అన్నం ప్లేటు పెట్టుకునే బల్ల పొట్టకి తగిలింది. చేతులు పెట్టుకునే కర్ర ఒకటే ఉంటుంది ఇద్దరికీ, దాని మీద ఎవరి చెయ్యి ఉండాలో ఎవరూ మాట్లాడుకోరు గాని లోపల్లోపల యుద్ధమే. సీటుకీ సీటుకీ మధ్య దూరాన్ని వాళ్లు పిచ్ అంటారు, ఒక సీటు మీద ఒక చోట నుంచి ముందు సీటు మీద అదే చోటుకి కొలుస్తారు, ఎకానమీలో అది 31 అంగుళాల దగ్గర ఉంటుంది. అందులో కుర్చీ వీపు మందం కూడా కలిసే ఉంటుంది, కాళ్లకి 31 అంగుళాలనుకునేరు.

దిగేసరికి మా ఆవిడ కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టలేదు. విమానం వాళ్లిచ్చిన దుప్పటి తప్ప ఏమీ లేదు కదా, సాక్సులు మేమే తెచ్చుకోవాల్సింది, తెలీలేదు. పైగా మా సీట్లు వెనకాల తోక దగ్గర, మేం దిగేసరికి విమానంలో జనం అంతా ముందరే పోయి ఇమిగ్రేషన్ లైన్లో నిలబడిపోయారు. ఆ లైనే గంటంపావు. వాచిన కాళ్లతో గంటంపావు. అప్పుడే అనుకున్నాను, వచ్చేటప్పుడు ఏదో ఒకటి చెయ్యాలని.

ఆగస్టులో రావడానికి పది రోజుల ముందు ఒక మెయిలొచ్చింది. మీ సీటు ప్రీమియం ఎకానమీకి మార్చుకోడానికి ఎంతిస్తారో మీరే చెప్పండి అని. నిజంగా వేలం పాటే. ఒక గీత మీద చుక్క ఉంటుంది, దాన్ని అటూ ఇటూ జరిపితే డబ్బు మారుతుంది, పక్కన ముల్లు ఎరుపులో ఉంటే మీ పాట నీరసంగా ఉంది, పచ్చలోకొస్తే గట్టిగా ఉంది అని. నాకైతే మన నారాయణవలస సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఎడ్లబేరం ఆడ్డం గుర్తొచ్చింది, కాకపోతే ఇక్కడ అవతలోడి చెయ్యి మనకి దొరకదు. మాకు కనీసం 16 వేలు చూపించింది, మనిషికి, ఒక వైపుకి. నేను కనీసమే పెడదామన్నాను, అమ్మాయి "నాన్నా అందరూ అదే పెడతారు, కొంచెం పైకి జరుపు" అని 19 వేలు పెట్టింది. ఒకే బుకింగ్‌లో ఉన్న ఇద్దరికీ కలిపే పాట, ఒకళ్లకిచ్చి ఒకళ్లకి ఇవ్వకపోవడం ఉండదు. పాట దక్కితేనే కార్డులోంచి డబ్బు తీస్తారు. ఇంకా రెండు రోజులుందనగా దక్కిందని మెయిలొచ్చింది, 38 వేలు కట్ అయినట్టు మెసేజీ కూడా వెంటనే వచ్చింది, అందులో మాత్రం ఆలస్యం లేదు.

ఇక్కడే అసలు దెబ్బ తగిలింది, జాగ్రత్తగా చదవండి. ప్రీమియం ఎకానమీ అంటే మనిషికి రెండు బ్యాగులు, ఒక్కోటి 23 కిలోలు అని ఆ కంపెనీ సైట్లో రాసుంది. మా ఎకానమీ టికెట్‌కి ఒకటే. మేం ఇప్పుడు ప్రీమియం కదా అని సంతోషంగా మూడు పెట్టెలు సర్దాం. హీత్రోలో కౌంటరు దగ్గర అమ్మాయి నవ్వుతూనే చెప్పింది, మీ సీటు మారింది గాని బ్యాగేజీ మాత్రం మీరు మొదట కొన్న టికెట్ ప్రకారమే అని. అంటే ముందే డబ్బు పెట్టి ప్రీమియం కొన్నవాడికి రెండు, పాట పాడుకున్నవాడికి ఒకటి. మెయిల్ కింద చిన్న అక్షరాల్లో రాసే ఉందట, అల్లుడు తర్వాత వెతికి చూపించాడు. మూడో పెట్టెకి 70 పౌండ్లకి పైనే చెప్పారు. నేను ఇవ్వనన్నాను.

అప్పుడు ఏం చేశామంటే, చెప్పడానికే సిగ్గేస్తుంది, పక్కకి జరిగి ఆ నున్నటి నేల మీద మూడు పెట్టెలూ తెరిచాం. చాక్లెట్లు, మనవరాలి బారసాల ఫొటోల ఆల్బమ్, మా ఆవిడ చెల్లెలి పిల్లలకి కొన్న స్వెట్టర్లు, అమ్మాయి వద్దన్నా మా ఆవిడ వెనక్కి తెస్తున్న నాన్‌స్టిక్ పెనం, అన్నీ బయటికొచ్చాయి. చుట్టూ జనం వెళ్తున్నారు, సగం మంది మనవాళ్లే, చూసి నవ్వుకుని పోతున్నారు, వాళ్లకీ ఎప్పుడో ఒకసారి జరిగే ఉంటుంది. పెనం, సగం చాక్లెట్లు అమ్మాయి కారులోకి వెనక్కి వెళ్లిపోయాయి. చలికోట్లు రెండు మాత్రం ఎక్కడా పట్టలేదు, వదల్డానికి మనసొప్పలేదు, అందుకని ఆగస్టు నెలలో మేమిద్దరం చలికోట్లు తొడుక్కుని ప్రీమియం ఎకానమీ ఎక్కాం. ముందు పిలిచే లైన్లో మేమే ముందు, చెమటలు కారిపోతూ.

సీటు చూడగానే మాత్రం కోటు సంగతి మర్చిపోయాను. తొమ్మిది సీట్లు పట్టే వెడల్పులో ఏడే వేశారు, రెండు, మూడు, రెండు. మాకు కిటికీ వైపు రెండూ దొరికాయి, పక్కన మూడో మనిషి లేడు, ఎవర్నీ లేపక్కర్లేదు, ఎవరి తలా భుజం మీదకి రాదు. పిచ్ 38 అంగుళాలు, ఈ క్లాసులో ఎక్కువ కంపెనీలవి అంతే, ఎమిరేట్స్ వాళ్లది 40. కూర్చుని మోకాలు దగ్గర చెయ్యి పెట్టి కొలిచాను. నా జాన సరిగ్గా తొమ్మిది అంగుళాలు, రోజూ షీట్ల మీద కొలిచేదే కాబట్టి తప్పు రాదు. మొన్న రెండు వేళ్లు పట్టిన చోట ఇప్పుడు జానకి కాస్త తక్కువ. ముందాయన పూర్తిగా వాల్చినా నా బల్లకి ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ బల్ల ముందు సీటుకి ఉండదు, మన చేతికర్రలోంచే మడత విప్పుకుని వస్తుంది. చేతికర్రలు ఎవరివి వాళ్లకే, మధ్యలోది కూడా వెడల్పుగా ఇద్దరి మోచేతులకీ సరిపోయేలా ఉంది.

దాంతోనే ఒక ఇబ్బంది కూడా ఉంది, ఇది ఎవరూ చెప్పరు. ఆ చేతికర్ర పైకి లేవదు. ఎకానమీలో పక్క సీటు ఖాళీగా దొరికితే కర్రలు పైకెత్తేసి కాళ్లు చాపుకుని పడుకుంటాం చూడండి, ఇక్కడ అది కుదరదు, పెట్టెలో పెట్టినట్టు ఎవరి గడిలో వాళ్లే. విమానం సగం ఖాళీగా ఉందని తెలిస్తే ప్రీమియం కన్నా ఎకానమీలో మూడు సీట్ల వరసే మేలని నేనంటాను. కాకపోతే సెలవుల్లో మన రూటులో ఖాళీ అనే మాట వినబడదు.

కాళ్లకి కింద నుంచి పైకొచ్చే లెగ్‌రెస్ట్ ఉంటుంది. నాకు బాగుంది. మా ఆవిడ ఐదు అడుగులు కూడా ఉండదు, తనకది పిక్కల కిందకి కాకుండా మడమల దగ్గరకొచ్చి కాళ్లు గాల్లో వేలాడాయి. కాసేపు చూసి "ఏటిదండీ, ఉయ్యాల్లో పిల్లలాగ" అని దాన్ని దించేసి, చెప్పులిడిచి, సీటులో మఠం వేసుక్కూర్చుంది. అదీ ఆవిడకి ప్రీమియం ఎకానమీ అంటే. కుర్చీలో మఠం వేసుకోడానికి పట్టే వెడల్పు. ఎకానమీలో అది జన్మలో కుదరదు. రాత్రంతా అలాగే కూర్చుని మధ్యమధ్య ఓ పక్కకి ఒరిగి హాయిగా నిద్రపోయింది, నేను పూర్తిగా వాల్చి కూడా తనంత నిద్రపోలేదు. వాల్చితే ఎకానమీ కన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువే వెనక్కి పోతుంది గాని, పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి ఇక్కడా సుఖం లేదు.

తెల్లారి దిగే ముందు మాత్రం చిన్న గొడవ. నా లెగ్‌రెస్ట్ కిందకి దిగలేదు. బటన్ నొక్కితే గరగరమంటుంది, కదలదు. అది లేచి ఉంటే ల్యాండింగ్‌కి ఒప్పుకోరు. ఒకమ్మాయి వచ్చి నొక్కింది, ఇంకొకాయన వచ్చి సీటు కింద ఏదో మీట లాగాడు, ఆఖరికి ఆయన మోకాలితో ఒక్క తోపు తోస్తే టక్కున లోపలికి పోయింది. మన షాపులో బిగిసిపోయిన డ్రాయర్ని ఎలా తోస్తామో అదే టెక్నిక్. కోట్ల రూపాయల విమానంలో అది చూసి నాకు ధైర్యం వచ్చిందో భయం వేసిందో చెప్పలేను. ఫిర్యాదు ఆన్‌లైన్లో పెట్టండి అన్నారు, అమ్మాయి పెట్టింది, ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు.

తిండి సంగతి. ఎక్కగానే గ్లాసులో జ్యూసు, వేడి తడి తువ్వాలు. భోజనం పింగాణీ ప్లేటులో, స్టీలు స్పూన్లు, గుడ్డ నాప్‌కిన్. సాక్సులు, కళ్లకి గంతలు, బ్రష్షు ఉన్న చిన్న సంచి ఇచ్చారు, హెడ్‌ఫోన్ కూడా చెవులు మూసేలా మంచిది. అంతవరకూ బాగానే ఉంది. కాని మేం రెండుసార్లూ ఏషియన్ వెజిటేరియన్ అని ముందే పెట్టుకున్నాం (శనివారం ప్రయాణం, మా ఆవిడ ముట్టదు, ఇలాంటివి కనీసం 24 గంటల ముందు చెప్పాలి), మూత తీస్తే ఎకానమీలో తిన్న అదే పనీరు కూర, అదే జీలకర్రన్నం. అల్యూమినియం డబ్బాలోంచి పింగాణీలోకి మారింది అంతే. మెనూ కార్డులో ఉన్నవి అడిగినవాళ్లకి తేడా ఉండే ఉంటుంది, పక్క వరసాయన ప్లేటు బాగానే కనబడింది. తిండి కోసం అయితే నేను పైసా ఎక్కువ పెట్టను. మందు తాగేవాళ్ల లెక్క వేరు, అది నన్నడక్కండి.

గాలీ, కిటికీ, కుదుపూ మాత్రం రెండు క్లాసులకీ ఒకటే. 787లో కిటికీకి రెక్క ఉండదు, బటన్ నొక్కితే అద్దమే నల్లబడుతుంది, అది వెనకాల ఎకానమీలో కూడా అంతే. మా వెనక గోడ అవతల ఎకానమీ మొదటి వరసలో ఉయ్యాల కట్టిన పసిపాప రాత్రంతా ఏడ్చింది, ఆ ఏడుపు కూడా పంతొమ్మిది వేలు కట్టకుండానే మా దాకా వచ్చింది. బాత్రూములు మాకు వేరే లేవు, వెనక్కే వెళ్లాలి.

ఇప్పుడు నా షాపు లెక్క చెప్తాను. అదే వెడల్పులో తొమ్మిదికి బదులు ఏడు, పొడుగు 31కి బదులు 38. గుణిస్తే ఒక్కో మనిషికి ఒకటిన్నర రెట్లకి కాస్త పైన జాగా వస్తుంది, 1.58 అనుకోండి. మా ఎకానమీ ఒక వైపు 34 వేలు, పాటతో కలిపి 53 వేలు, అది 1.56. చదరపు అడుగు రేటు చూస్తే దాదాపు సరిపోయింది! అదే మొదట్లో కొనుంటే దాదాపు రెండింతలు పెట్టేవాళ్లం, అప్పుడు జాగాకి కాకుండా రెండో బ్యాగుకీ పింగాణీ ప్లేటుకీ కూడా డబ్బులిచ్చినట్టు. అందుకని మాలాంటి వాళ్లకి రాత్రి పూట ప్రయాణం ఏ వైపు ఉంటే ఆ ఒక్క వైపుకి పాట పాడుకోవడం గిట్టుబాటు, పగటి ప్రయాణానికి దండగ. సామాను ఎక్కువుంటే మాత్రం ఎకానమీ టికెట్టు మీద రెండో బ్యాగు ఖర్చు కలిపి ఎంతో, పూర్తి ప్రీమియం ఎంతో, రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్కోసారి తేడా మనం అనుకున్నంత ఉండదట, అల్లుడి మాట.

కాళ్లు ఈసారి వాచలేదా అంటే వాచాయి, కాని చెప్పులు పట్టాయి. గంటకోసారి లేచి నడవడం ఏ క్లాసులోనైనా తప్పదు. ఢిల్లీలో ముందే దిగాం, ఇమిగ్రేషన్ దగ్గర మా ముందు పాతికమంది కూడా లేరు, పది నిమిషాల్లో బయటపడ్డాం. ప్రయారిటీ అని రంగు ట్యాగు కట్టిన మా పెట్టెలు మాత్రం బెల్టు మీదకి అందరివీ వచ్చాక వచ్చాయి, ముందు దిగి సంపాదించిన టైమంతా అక్కడ పోయింది.

అక్కడితో ప్రీమియం అయిపోలేదు, ఇంకో బిల్లు మిగిలింది. వైజాగ్ టికెట్ మేం విడిగా, వేరే పీఎన్నార్‌తో తీశాం. మన దేశంలో లోపల తిరిగే విమానాల్లో మామూలుగా చెకిన్ 15 కిలోలే, మా దగ్గర 23 చొప్పున రెండు. పదహారు కిలోలకి ఎక్స్‌ట్రా కట్టాం, వెళ్లేటప్పుడు ఆన్‌లైన్లో ముందే కట్టుకున్నాం కాబట్టి కొంత తగ్గింది, ఈసారి హడావిడిలో మర్చిపోయి కౌంటర్లో కట్టాం, నొప్పి తెలిసింది. వైజాగ్ నుంచి లండన్ దాకా ఒకే పీఎన్నార్ మీద తీసుంటే ఆ 23 కిలోలే చివరిదాకా నడిచేవి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లేవాళ్లం అందరం దీని దగ్గరే డబ్బులు పోగొట్టుకుంటాం, సీటు దగ్గర కాదు.

వైజాగ్ విమానం ఎక్కి కూర్చోగానే నా రెండు మోకాళ్లూ ముందు సీటుకి ఠపీమని తగిలాయి. మా ఆవిడ అలవాటుగా కాళ్లు పైకి మడవబోయి, కుదరక, కిందకి దించేసి, చలికోటు ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది. "మనూరొచ్చేసినట్టే ఉందండీ" అంది.